పెంటా టీకా సీసా మీద థయోమెర్సాల్ అని రాసి ఉంది: పది వారాల పాపకు వేయించవచ్చా?

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. వచ్చే బుధవారానికి మా పాపకు పది వారాలు నిండుతాయి. ఆరు వారాలప్పుడు వేయవలసిన పెంటా సూది, పోలియో చుక్కలు, రోటా చుక్కలు, మిగిలిన సూదులు అన్నీ మా వీధి అంగన్‌వాడీ కేంద్రంలోనే వేయించాము. ఆ రాత్రి పాపకు జ్వరం వచ్చింది, తొడ మీద సూది వేసిన చోట గట్టిపడింది, మూడో రోజుకు రెండూ తగ్గిపోయాయి. అలా జరుగుతుందని ఏఎన్ఎం దీదీ ముందే చెప్పారు కాబట్టి దాని గురించి మాకు దిగులు లేదు.

నా దిగులు వేరు. పోయిన వారం పాతపట్నంలో ఉండే మా బావమరిది ఫోనుకు ఒక సందేశం పంపాడు. పిల్లల టీకాల్లో పాదరసం కలుపుతున్నారని, అమెరికా దాన్ని పాతికేళ్ల కిందటే తీసేసిందని, మనలాంటి దేశాల పిల్లలకు మాత్రం ఇంకా అదే వేస్తున్నారని, దాని వల్ల ఆటిజం వస్తుందని అందులో ఉంది. ఇలాంటివి రోజూ వస్తూనే ఉంటాయని మొదట వదిలేశాను. కాని మనసు ఊరుకోలేదు. నిన్న పక్క వీధిలో టీకాలు వేస్తుంటే వెళ్లి, దీదీని అడిగి పెంటా సీసా చూశాను. బొటనవేలంత సీసా మీద చీమ తలకాయల్లాంటి అక్షరాలు. ఫోను టార్చి వేసుకుని చదివితే అందులో థయోమెర్సాల్ 0.005 శాతం అని ఉంది. ఆ పేరుకు అర్థం వెతికితే అది పాదరసం కలిసిన రసాయనమేనని తెలిసింది.

మా నాన్నగారు గంజాంలో ఉద్యోగం చేసిన రోజుల్లో, రుషికుల్య సముద్రంలో కలిసే చోట పట్టిన చేపలు ఇంటికి తేనిచ్చేవారు కారు. అక్కడి కాస్టిక్ సోడా కర్మాగారం వదిలే నీటిలో పాదరసం ఉందని, అది చేపల ఒంట్లో చేరుతుందని ఆయన చెప్పేవారు. చేపలో ఉంటేనే వద్దన్న పదార్థాన్ని పది వారాల పిల్ల తొడలోకి ఎక్కించడానికి నేను ఎలా ఒప్పుకోవాలి? మా ఆవిడ ఏమీ అనడం లేదు, కాని టీకాల కార్డు తీసి రోజుకు రెండు సార్లు తేదీ చూసుకుంటోంది. తెలిసినవారు దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పాదరసం లేని టీకా బయట ఎక్కడైనా దొరుకుతుందా అనేది కూడా చెప్పగలరు.

జవాబు 1: బరంపురం నుంచి ఒక పిల్లల డాక్టరు

మీరు చదివినది నిజమే. ప్రభుత్వ కేంద్రాల్లో వేసే పెంటా టీకా (కంఠసర్పి అంటే డిఫ్తీరియా, కోరింత దగ్గు వంటి ఐదు రోగాలకు కలిపి వేసేది) ఎక్కువగా పది మోతాదుల సీసాల్లో వస్తుంది, అందులో థయోమెర్సాల్ ఉంటుంది. మీకు ధైర్యం చెప్పడం కోసం అందులో ఏమీ లేదని నేను అనను. మీకు వచ్చిన సందేశంలో పాదరసం గురించిన మాట నిజం, అమెరికా మాట సగం నిజం, ఆటిజం మాట అబద్ధం. ఈ మూడూ ఒకే ఊపులో చదవడం వల్లనే అంత నమ్మకంగా వినిపిస్తుంది.

అది సీసాలోకి ఎందుకు వచ్చిందో ముందు చెబుతాను. పది మంది పిల్లలకు ఒకే సీసా అంటే, దాని రబ్బరు మూతను పదిసార్లు సూదితో గుచ్చాలి. గుచ్చిన ప్రతిసారీ ఏదో ఒక సూక్ష్మజీవి లోపలికి పోవచ్చు. 1928 జనవరిలో ఆస్ట్రేలియాలోని బండబర్గ్ అనే ఊళ్లో కంఠసర్పి రాకుండా 21 మంది పిల్లలకు సూదులు వేశారు. ఆ మందు సీసాను అంతకు కొన్ని రోజుల ముందే తెరిచారు, చల్లగా ఉంచలేదు, చెడిపోకుండా కాపాడే పదార్థమేదీ అందులో కలపలేదు. లోపల స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా పెరిగింది. ఆ 21 మందిలో 12 మంది పిల్లలు చనిపోయారు. ఇలాంటివి మళ్లీ జరగకూడదన్న జాగ్రత్తలో భాగంగానే 1930ల నుంచి థయోమెర్సాల్ టీకాల్లోకి వచ్చింది. బాక్టీరియాను, బూజును పెరగనివ్వకపోవడం దాని పని.

ఇక ఎంత ఉందో లెక్క వేద్దాం. పాపకు వేసే మోతాదు అర మిల్లీలీటరు. 0.005 శాతం అంటే అందులో 25 మైక్రోగ్రాముల థయోమెర్సాల్. దాని బరువులో దాదాపు సగం పాదరసం, అంటే సుమారు 12.5 మైక్రోగ్రాములు. కొన్ని కంపెనీల సీసాల్లో 0.01 శాతం ఉంటుంది, అప్పుడు ఇది రెట్టింపు అవుతుంది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. మూడు మోతాదులకూ కలిపి సుమారు 37.5 నుంచి 75 మైక్రోగ్రాముల వరకు తేలుతుంది. 1999 నాటికి అమెరికా పిల్లలకు మొదటి ఆరు నెలల్లో టీకాల ద్వారా గరిష్ఠంగా 187.5 మైక్రోగ్రాముల వరకు వెళ్లే అవకాశం ఉండేది.

మీ నాన్నగారి మాట విషయానికి వస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో అసలైన ముడి అక్కడే ఉంది. ఆయన చెప్పినది సరైనదే. రుషికుల్య ముఖద్వారంలో పాదరసం గురించి మా బరంపురం విశ్వవిద్యాలయం వారు అధ్యయనాలు చేశారు. అయితే నీటిలోకి వదిలిన పాదరసాన్ని బురదలోని బాక్టీరియా మిథైల్ పాదరసంగా మారుస్తుంది. చిన్న చేపను పెద్ద చేప తింటూ పోయేకొద్దీ అది పోగుపడుతుంది. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన వ్యాధికి, 1971-72లో ఇరాక్‌లో మందు పూసిన విత్తన గోధుమలతో రొట్టెలు చేసుకుని తిన్నవారి మరణాలకు కారణం ఈ మిథైల్ పాదరసమే. మనిషి రక్తంలో అది సగానికి తగ్గడానికి నెలన్నర పైగా పడుతుంది. థయోమెర్సాల్ ఒంట్లోకి వెళ్లాక విడుదలయ్యేది ఇథైల్ పాదరసం. పేరులో ఒక్క అక్షరమే తేడా అయినా ఒంట్లో నడిచే తీరు వేరు. అర్జెంటీనాలో 216 మంది పసిపిల్లల రక్తం పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, టీకా తరువాత రక్తంలోని పాదరసం నాలుగు రోజుల లోపే సగానికి తగ్గిందని, 30 రోజులకు టీకాకు ముందున్న స్థాయికి వచ్చిందని తేలింది. అది ఎక్కువగా మలం ద్వారా బయటికి పోతుంది. మన పెంటా మోతాదుల మధ్య నాలుగు వారాల ఎడం ఉందని గమనించండి.

ఆటిజం సంగతి. డెన్మార్క్ 1992లో పిల్లల టీకాల్లోంచి థయోమెర్సాల్‌ను తీసేసింది. అంతకు ముందు అది ఉన్న కోరింత దగ్గు టీకా వేయించుకున్న పిల్లలను, తరువాత లేని టీకా వేయించుకున్న పిల్లలను, మొత్తం నాలుగు లక్షల అరవై ఏడు వేల మందిని పోల్చి 2003లో ఫలితాలు ప్రచురించారు. రెండు గుంపుల్లోనూ ఆటిజం తేడా లేదు. తీసేసిన తరువాత కూడా ఆ దేశంలో ఆటిజం నిర్ధారణలు పెరుగుతూనే వచ్చాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలోనూ అలాగే పెరిగాయి. కారణం ఆ మందే అయి ఉంటే, అది పోయాక సంఖ్య తగ్గాలి కదా. ఎవరు ఏ వాదన చేసినా నేను మళ్లీ మళ్లీ తిరిగి వచ్చేది ఈ ఒక్క చోటికే.

బయట దొరికే టీకా గురించి అడిగారు. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఒక్కొక్కరికి ఒక్కో సిరంజిగా వచ్చే, ఆరు రోగాలకు కలిపి వేసే టీకాలో థయోమెర్సాల్ ఉండదు. ధర మాత్రం వేలల్లో ఉంటుంది. భరించగలిగితే వేయించుకోవడంలో తప్పు లేదు. కాని దాని కోసం శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లే వీలు చూసుకుంటూ నెల రోజులు ఆలస్యం చేయకండి. కోరింత దగ్గు పసిపిల్లల ప్రాణం మీదికి తెచ్చేది సరిగ్గా ఈ మొదటి నెలల్లోనే.

జవాబు 2: రాయగడ నుంచి ఒక ఉపాధ్యాయుడు

డాక్టరు గారూ, మీ వివరణకు కృతజ్ఞతలు. నేను ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రం చెబుతాను, టీకాలకు వ్యతిరేకిని కాను, మా పిల్లలిద్దరికీ అన్నీ వేయించాను. అయినా రెండు సందేహాలు మిగిలిపోయాయి.

ఒకటి, రక్తంలోంచి తగ్గడం వేరు, ఒంట్లోంచి పోవడం వేరు కదా. 2005లో పసి కోతుల మీద చేసిన ఒక ప్రయోగంలో, థయోమెర్సాల్ ఇచ్చిన కోతుల మెదడులో అకర్బన (కార్బన్‌తో కలిసి లేని) పాదరసం మిగిలి ఉన్నట్టు కనిపించిందని చదివాను. రక్తంలో కనబడకపోయినంత మాత్రాన మెదడులో లేదని ఎలా అనగలం? రెండు, అందులో హాని లేకపోతే అమెరికా ఎందుకు తీసేసింది? 2025లో కూడా అక్కడ ఫ్లూ టీకాలోంచి దాన్ని తీసెయ్యాలని నిర్ణయించారు. వాళ్ల పిల్లలకు వద్దనుకున్నది మన పిల్లలకు ఎలా మంచిదవుతుందని మా ఊళ్లో ఎవరైనా అడిగితే నేను ఏం చెప్పాలి?

జవాబు 3: గుణుపురం నుంచి, ఆరోగ్య శాఖలో పనిచేసి రిటైరైన ఒక కార్యకర్త

బాబూ, శాస్త్రం సంగతి డాక్టరు గారు చెబుతారు. నేను ముప్పై ఏళ్లకు పైగా టీకా డబ్బా భుజాన వేసుకుని తిరిగినదాన్ని, నాకు తెలిసినంత చెబుతాను.

పుట్టాసింగి వైపు సవర పల్లెలకు వెళ్లాలంటే కొంత దూరం జీపులో, మిగిలినది నడక. తెల్లవారే ఐసు ప్యాకులు బయట పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవాళ్లం. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినబడితేనే డబ్బాలో సర్దాలి, లేకపోతే ఆ గడ్డ చలికి పెంటా గడ్డకట్టి పాడవుతుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసే డీపీటీ సూది అయినా అంతే. నాలుగు ప్యాకులు పెట్టాక మా డబ్బాలో పట్టేది 16 నుంచి 20 సీసాలు. పది మోతాదుల సీసాలు కాబట్టి ఆ ఒక్క డబ్బాతో నాలుగైదు పల్లెల పిల్లలకు అన్ని రకాలూ వేసి రాగలిగేవాళ్లం. ఒక్కొక్కరికి ఒక్కో సీసా అయితే, అదే డబ్బాలో ఇరవై మంది పిల్లలకు ఒక్క రకం టీకా మాత్రమే పడుతుంది. మిగిలిన రకాలకు మిగిలిన డబ్బాలు ఎవరు మోస్తారు, ఎక్కడి ఫ్రిజ్‌లో పెడతారు?

ఇంకో మాట. పెంటా సీసా తెరిచిన రోజూ సమయమూ దాని మీద రాస్తాము. చల్లగా ఉండి, వేడి తగిలితే రంగు మారే సీసా మీది చదరపు గుర్తు మారకపోతే 28 రోజుల వరకు వాడవచ్చు. తొమ్మిది నెలలకు వేసే తట్టు టీకా అలా కాదు. దానిలో ఈ థయోమెర్సాల్ వెయ్యరు, వేస్తే టీకాయే చచ్చిపోతుంది. అందుకని పొడిలో నీళ్లు కలిపిన నాలుగు గంటలకు ఎంత మిగిలినా పక్కన పెట్టేయాలి. మారుమూల పల్లెలో ఇద్దరే పిల్లలుంటే, ఆ ఇద్దరి కోసం సీసా తెరిచి మిగిలినదంతా వృథా చేసిన రోజులు నాకు లెక్క లేదు. తెరవకుండా తిరిగి వచ్చేస్తే మాత్రం ఆ ఇద్దరికీ మళ్లీ నెల వరకు టీకా ఉండదు. పెంటాకు నాకు ఆ బాధ ఏనాడూ లేకపోయింది.

2024 ఫిబ్రవరిలో మా రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో కంఠసర్పి వచ్చి పిల్లలు చనిపోయారు. అప్పటికి నేను రిటైరయ్యాను. టీవీలో ఆ వార్త చూసి రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. ఆ రోగానికి టీకా పెంటాలోనే ఉంది బాబూ. పాపను తీసుకువెళ్లు.

జవాబు 4: జయపురం నుంచి ఒక తల్లి

ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మా పెద్దబాబుకు ఆటిజం ఉంది, ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఏడాదిన్నర వయసులో పిలిస్తే పలకడం మానేశాడు. సరిగ్గా అంతకు మూడు వారాల ముందు బూస్టరు సూది వేయించాము. ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టుకుని నేను ఎన్ని రాత్రులు ఏడ్చానో నాకే తెలుసు. ఎవరో ఒకరు కారణం కావాలి, లేకపోతే నేనే కారణం అనిపించేది.

తరువాత విశాఖపట్నంలో థెరపీ చెప్పే మేడమ్ గారు మా పాత వీడియోలు అడిగి తీసుకుని చూశారు. బాబు మొదటి పుట్టినరోజు వీడియోలోనే, చుట్టూ అందరూ పిలుస్తున్నా వాడు గిరగిరా తిరిగే ఫ్యాను కేసి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు మేమందరం నవ్వుకున్నాము. గుర్తులు ముందు నుంచే ఉన్నాయి, మాకు కనబడలేదు. మాటలు రావలసిన వయసూ, బూస్టరు వేసే వయసూ ఒకటే కావడంతో మాలాంటి తల్లులకు ఆ రెండూ ముడిపడి కనిపిస్తాయి.

రెండో పిల్ల పుట్టినప్పుడు నేను భయపడి తొమ్మిది నెలల వరకు ఏ సూదీ వేయించలేదు. దానికి ఏమీ కాలేదు, దేవుడి దయ. కాని ఆ తొమ్మిది నెలలూ దాన్ని దేని పాలు చేశానో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అన్నగారూ, పిల్లను మీరు బాగా గమనించుకోండి, పేరు పెట్టి పిలిస్తే చూస్తోందా, నవ్వితే నవ్వుతోందా అని చూడండి, తేడా కనిపిస్తే డాక్టరుకు వెంటనే చూపించండి. సూది మాత్రం ఆపకండి.

జవాబు 5: బరంపురం డాక్టరు, రాయగడ ఉపాధ్యాయుడి గారికి

మీ మొదటి సందేహం బరువైనది, దాన్ని కొట్టిపారేయను. ఆ కోతుల ప్రయోగం నిజమే. మిథైల్ పాదరసం ఇచ్చిన కోతులతో పోలిస్తే థయోమెర్సాల్ ఇచ్చిన కోతుల మెదడులో మొత్తం పాదరసం చాలా తక్కువగా ఉంది, కాని ఉన్న దానిలో అకర్బన రూపం వాటా ఎక్కువగా ఉంది. ఆ రూపం నెమ్మదిగా పోతుంది. ఇది తెలిశాక అడగవలసిన ప్రశ్న, ఆ కొద్ది మొత్తం పిల్లల ఎదుగుదలలో ఏదైనా తేడా తెస్తుందా అని. దానికి జవాబు రక్తపరీక్షలో దొరకదు, పిల్లల్లోనే వెతకాలి. అమెరికాలో ఏడు నుంచి పదేళ్ల వయసున్న 1,047 మంది పిల్లలకు మాట, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, చేతుల నేర్పు వంటి వాటిలో 42 రకాల కొలతలు తీసి, పసితనంలో వారికి అందిన థయోమెర్సాల్ మోతాదుతో పోల్చి 2007లో ప్రచురించారు. కొన్ని కొలతల్లో చిన్న తేడాలు కనిపించాయి, అవి కూడా కొన్ని మంచివైపు, కొన్ని చెడువైపు. హాని అని చెప్పదగిన వరస ఏదీ కనబడలేదు. సూది వేసిన చోట ఎర్రబడటం, వాపు, అరుదుగా ఆ రసాయనం పడనివారికి చర్మం మీద అలర్జీ, ఇవి మాత్రం నిజంగా ఉన్నాయి.

అమెరికా ఎందుకు తీసేసిందో చెబుతాను. 1997లో వచ్చిన ఒక చట్టం ప్రకారం ఆహారంలోనూ మందుల్లోనూ ఉన్న పాదరసం మొత్తం లెక్క తీశారు. టీకాల్లోని లెక్కను పోల్చడానికి ఇథైల్ పాదరసానికి ప్రత్యేకమైన హద్దు లేకపోవడంతో, చేపల్లోని మిథైల్ పాదరసానికి పెట్టిన హద్దుతో పోల్చారు. ఆ హద్దుల్లో ఒకదాన్ని కొందరు పిల్లల విషయంలో దాటే అవకాశం కనిపించింది. హాని జరిగినట్టు ఆధారం లేదని చెబుతూనే, ముందు జాగ్రత్తగా తీసెయ్యమని 1999 జులైలో అక్కడి పిల్లల వైద్యుల సంఘం, ప్రభుత్వ ఆరోగ్య విభాగం కలిసి కోరాయి. 2001 నాటికి పెద్ద సీసాల్లో వచ్చే ఫ్లూ టీకా తప్ప పిల్లల టీకాలన్నిటిలోనూ అది పోయింది. ఒక్కో మోతాదును విడిగా నింపి, నిలవ చేసి, ఊరూరికీ పంపగల స్తోమత వారికి ఉంది కాబట్టి అది సాధ్యమైంది. 2025 నాటి నిర్ణయం ఆ మిగిలిన ఫ్లూ టీకా గురించే, దాన్ని అక్కడి పిల్లల వైద్యుల సంఘమే వ్యతిరేకించింది. 1999లో అన్నీ తెలియకముందు తీసుకున్న జాగ్రత్తను నేను తప్పుపట్టను, కాని దాన్ని చెప్పిన తీరు వల్ల ఏదో దాస్తున్నారన్న అనుమానం ప్రపంచమంతటా పాకిందని మాత్రం నా అభిప్రాయం.

మీ ఊళ్లో అడిగేవారికి ఇంకొకటి చెప్పవచ్చు. పాదరసం వాడకాన్ని తగ్గించడానికే ప్రపంచ దేశాలు 2013లో మినమాటా ఒప్పందం కుదుర్చుకున్నాయి, మన దేశం 2018లో దాన్ని ఆమోదించింది. ధర్మామీటర్లనూ కొన్ని రకాల బల్బులనూ ఆపమన్న ఆ ఒప్పందమే, థయోమెర్సాల్ ఉన్న టీకాలను నిషేధం జాబితాలోంచి పేరు పెట్టి మినహాయించింది. పాదరసం వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయిన ఊరి పేరు పెట్టుకున్న ఒప్పందం అది.

వేరే రసాయనం వాడకూడదా అని కూడా కొందరు అడుగుతారు. పోలియో సూది మందులో థయోమెర్సాల్ పనికిరాదు, ఆ టీకా బలాన్ని అది తగ్గిస్తుంది, కాబట్టి అందులో ఫినాక్సీ ఇథనాల్ వాడతారు. పెంటాలో మార్చాలంటే టీకా బలం, నిలవ ఉండే కాలం అన్నీ మొదటి నుంచి మళ్లీ పరీక్షించాలి. జరగరాదని కాదు, జరిగేదాకా పిల్లలను ఆపి కూర్చోలేము.

ప్రశ్న అడిగిన తండ్రి, గురువారం రాత్రి

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. నిన్న పాపకు పెంటా రెండో మోతాదు వేయించాము. ఈసారి మా ఆవిడే సీసా చూపించమని అడిగింది. దీదీ విసుక్కోకుండా చేతికి ఇచ్చారు. మూత పక్కన బాల్ పెన్నుతో ఉదయం 9.40 అని, కింద తేదీ రాసి ఉంది. గుర్తులోని లోపలి చదరం ఇంకా తెల్లగానే ఉంది. కొత్త సిరంజి పొట్లం మా ఎదుటే చింపి, మందు తీసి, ఎడమ తొడకు వేసి, సూదిని కత్తిరించి డబ్బాలో పడేశారు. పాప ఒక్క కేక పెట్టి, తల్లి భుజం మీద పడి రెండు నిమిషాల్లో ఊరుకుంది. అరగంట అక్కడే కూర్చుని ఇంటికి వచ్చాము. రాత్రి కొంచెం ఒళ్లు వెచ్చబడింది, దీదీ చెప్పిన కొలతలో చుక్కల మందు వేశాము.

జయపురం చెల్లెమ్మ రాసినది మా ఆవిడకు చదివి వినిపించాను. తను ఏమీ మాట్లాడలేదు, కాసేపు పోయాక పాప పక్కన కూర్చుని పేరు పెట్టి పిలిచి చూసింది. మా బావమరిదికి డాక్టరు గారి జవాబు మొత్తం పంపాను. వాడికి రెండు నెలల్లో బిడ్డ పుట్టబోతోంది. మా నాన్నగారికి మాత్రం ఫోనులో నేనే చెప్పాను. చేపలోది వేరు, ఇది వేరు అంటే ఆయన చాలా ప్రశ్నలు అడిగి, చివరికి తరువాతి సూది ఎప్పుడని అడిగారు. కార్డు తీసి చూసి చెప్పాను: పద్నాలుగు వారాలకు.